ఆ నది అంత ప్రశాంతంగా ఎందుకుంది?

ఈ మధ్య మా ఆఫీసులో ఐదో అంతస్తు బాగుచేశారు. పాత సామాన్ల గది ఖాళీ చేసి, దానికి 'క్వైట్ రూమ్' అని పేరు పెట్టి, రెండు బీన్ బ్యాగులూ ఒక మనీ ప్లాంటూ పడేసి, గోడకి ఒక పెద్ద బొమ్మ తగిలించారు. రిలీజు రోజుల్లో బుర్ర వేడెక్కినవాళ్ళు పోయి ఓ పది నిమిషాలు ఆ బొమ్మ చూస్తూ కూర్చుంటే చల్లబడతారన్నమాట. బొమ్మలో గంగ. ఘాట్ మెట్లు, వాటి మీద ఎత్తైన కట్టడాలు, నీళ్ళ పక్కన చిన్న చిన్న మనుషులు, పడవలు, పైన బోలెడంత ఆకాశం. కింద చిన్న అక్షరాల్లో విలియం హాడ్జెస్, 'ద ఘాట్స్ ఎట్ బెనారస్', 1787 అని ఉంది. అసలు బొమ్మ లండన్లో రాయల్ అకాడమీ వాళ్ళ దగ్గరుంది. మాది ప్రింటు.

మొన్న మా టీములో కుర్రాడొకడు నా పక్కన చతికిలబడి, "ఎంత పీస్‌ఫుల్‌గా ఉందో కదన్నా.. అప్పట్లో జనాలకి టెన్షన్లే లేవు" అన్నాడు. నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "ఈ బొమ్మ వేసినాయన ఇదే ఊళ్ళోంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయాడు, తెలుసా?" అన్నాను. వాడు నవ్వేసి, "నీకు ప్రతిదాంట్లో పాలిటిక్సే అన్నా! బొమ్మని బొమ్మలా చూడు" అన్నాడు.

ఈ మాట నాకు కొత్త కాదు. మీకూ కొత్త కాదనుకుంటా. సినిమాని సినిమాలా చూడు, ఆటని ఆటలా చూడు, ఆఫీసుని ఆఫీసులా చూడు.. చెప్పేవాళ్ళు చాలా మర్యాదగా, చాలా పెద్దమనిషి తరహాలో చెబుతారు. నా పేచీ సరిగ్గా ఈ మాటతోనే. గొడవ కనబడే బొమ్మ రాజకీయం, గొడవ కనబడని బొమ్మ కళ అనే లెక్క ఉంది చూశారూ, అది తప్పుడు లెక్క. ప్రశాంతంగా ఉన్న నది కూడా ఒకరు తీసుకున్న నిర్ణయమే. ఆ నిర్ణయం ఎవరికి నచ్చింది, ఎవరు డబ్బిచ్చారు అని అడగడం బొమ్మని అవమానించడం కాదు. బొమ్మని పూర్తిగా చూడటం.

ముందు కథ చెబుతాను, తర్వాత మీరే తేల్చండి.

హాడ్జెస్ 1744లో లండన్లో ఒక కమ్మరి ఇంట్లో పుట్టాడు. రిచర్డ్ విల్సన్ అనే పేరున్న ప్రకృతి చిత్రకారుడి దగ్గర పని నేర్చుకున్నాడు. కెప్టెన్ కుక్ రెండో సముద్ర యాత్ర (1772-75)లో అధికారిక చిత్రకారుడిగా పోయి తాహితీ దాకా చూసొచ్చాడు. 1780లో మద్రాసులో దిగాడు. దిగీ దిగగానే హైదర్ అలీ దండు కర్ణాటకం మీద పడింది. పల్లెల జనం మూటాముల్లె నెత్తిన పెట్టుకుని మద్రాసులోకి పరిగెత్తుకు రావడం ఆయన కళ్ళారా చూశాడు. తర్వాత తను రాసిన భారతయాత్ర పుస్తకం (1793)లో ఆ సంగతి చెప్పాడు కూడా. అక్కడినుంచి కలకత్తా పోయి, గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్ దయ సంపాదించాడు. 1781లో హేస్టింగ్స్ గంగ మీదుగా కాశీకి బయల్దేరితే ఆ పరివారంలో మన హాడ్జెస్ కూడా ఉన్నాడు.

హేస్టింగ్స్ కాశీ ఎందుకెళ్ళాడు? విశ్వనాథుడి దర్శనానికి కాదు. డబ్బుకి. కాశీ రాజు చైత్ సింగ్ కంపెనీకి ఏటా కట్టాల్సింది దాదాపు 22.5 లక్షల రూపాయలు. 1778లో ఫ్రెంచివాళ్ళతో యుద్ధం మొదలవగానే ఇంకో 5 లక్షలు ఇమ్మన్నారు. మరుసటేడు మళ్ళీ. ఆ పైయేడు మళ్ళీ. అది చాలక గుర్రపు దండు పంపమన్నారు. రాజు సాగదీసేసరికి, 50 లక్షలు జరిమానా వేద్దామని హేస్టింగ్స్ నిశ్చయించుకుని వచ్చాడు. ఆగస్టు 16న శివాలా దగ్గర గంగ ఒడ్డునున్న రాజు కోటలోనే రాజుని నిర్బంధించి, రెండు కంపెనీల సిపాయిల్ని కాపలా పెట్టారు. సిపాయిల దగ్గర తూటాల్లేవు! (ప్రొడక్షన్లోకి టెస్టింగ్ లేకుండా తోసినట్టు.) అవతలి ఒడ్డు రామనగరం నుంచి రాజు మనుషులు నది దాటి వచ్చి పడ్డారు. సిపాయిల్నీ, వాళ్ళ తెల్ల అధికార్లనీ నరికేశారు. ఆ సందట్లో చైత్ సింగ్ తలపాగాలు ముడేసి, కిటికీలోంచి దిగి, పడవలో అవతలి ఒడ్డుకి తప్పించుకున్నాడు. ఐదారు రోజుల తర్వాత, రాత్రికి రాత్రి హేస్టింగ్స్ చునార్ కోటకి పారిపోయాడు. ఆయనతో పాటు హాడ్జెస్ కూడా, తన బొమ్మలూ నాలుగు బట్టలూ తప్ప సామానంతా కాశీలోనే వదిలేసి.

ఇక్కడ మన తెలుగువాళ్ళకి ఒక చిన్న ముల్లు ఉంది. ఆ రోజుల్లో బెంగాలు, అవధ్ జనం కంపెనీ సిపాయిని 'తిలంగా' అనేవాళ్ళు. మద్రాసు నుంచి క్లైవు తీసుకుపోయిన మొదటి తరం సిపాయిల్లో తెలుగుదేశం వాళ్ళుండటంతో ఆ పేరొచ్చింది. తర్వాత భోజ్‌పురీ కుర్రాళ్ళు చేరినా పేరు మాత్రం అదే నిలబడిపోయింది. 1857లో ఢిల్లీలో తిరగబడ్డ సిపాయిల్ని కూడా తిలంగాలనే పిలిచారు. అంటే శివాలా కోటలో తూటాల్లేని తుపాకులతో చచ్చిపోయినవాళ్ళని ఆ ఊరి జనం పిలిచిన పేరు మన పేరే. ఎవడి డబ్బు కోసమో, ఎవడి ఊళ్ళోనో కాపలా కాస్తూ పోయినవాడికి మన పేరు. ఆన్‌సైట్ వెళ్ళొచ్చినవాళ్ళకి ఇంకాస్త ఎక్కువ అర్థమవుతుందేమో.

ఇదంతా నాకు పుస్తకాల్లోంచి మొదట తెలియలేదు. ఆరేళ్ళ కిందట నాన్న అస్థికలు కలపడానికి అమ్మని తీసుకుని కాశీ వెళ్ళాను. కార్యక్రమం అయ్యాక, కాస్త మనసు మళ్ళుతుందని, కేదార్ ఘాట్ దగ్గర పడవ మాట్లాడుకుని అస్సీ వైపు పోతున్నాం. పడవాయనకి మన యాత్రికుల పుణ్యమా అని తెలుగు బాగానే వచ్చు. ఒకచోట గోడలా నిలువుగా లేచిన కోట చూపించి, "అమ్మా, రాజు అదో ఆ కిటికీలోంచి దిగిపోయాడు, తలపాగాలు కట్టుకుని" అన్నాడు. అమ్మ తలెత్తి చూసి "అంత ఎత్తునుంచా నాయనా?" అంది. "ఇప్పుడు ఎత్తు అమ్మా. ఆగస్టులో నీళ్ళు అక్కడిదాకా వస్తాయి" అని గోడ మీద మరక చూపించాడు. అప్పుడు తట్టింది నాకు. తప్పించుకునే దారి ఇచ్చింది ఆ వరద. నదిని పట్టించుకోకుండా ఆ రోజు కథ చెప్పలేం. హాడ్జెస్ బొమ్మలో నది అంతా ఉంది, ఆ రోజు మాత్రం లేదు.

"ఉండాలని రూలా?" అంటారేమో. లేదు. ఆ మాటకి వచ్చే ముందు బొమ్మ మీదున్న సంవత్సరం ఒక్కసారి మళ్ళీ చూడండి. 1787. ఆ ఏడే హేస్టింగ్స్‌ని అభిశంసించాలని బ్రిటిష్ దిగువసభ తీర్మానించింది. ఎడ్మండ్ బర్క్ తయారుచేసిన ఆరోపణల్లో చైత్ సింగ్ వ్యవహారం ముఖ్యమైనది. 1786లో దానిమీద జరిగిన ఓటింగులో ప్రధాని పిట్ కూడా హేస్టింగ్స్‌కి వ్యతిరేకంగా ఓటేశాడు. అంటే 1787 లండన్లో 'బెనారస్' అన్న పేరు తీస్తే చదువుకున్న ప్రతివాడికీ పార్లమెంటు గొడవే గుర్తొచ్చి ఉంటుంది. అదే ఏడు, హేస్టింగ్స్ పోషణలో పెరిగిన చిత్రకారుడు, అదే ఊరి బొమ్మని, ఏ గొడవా లేని బొమ్మగా వేసి, రాయల్ అకాడమీ సభ్యత్వం పుచ్చుకుంటూ ఆనవాయితీ ప్రకారం సమర్పించుకున్నాడు. ఇది కాకతాళీయం అని మీరనొచ్చు. ఆయన బుర్రలో ఏముందో నేనూ చెప్పలేను. కానీ ఆ బొమ్మ చేసే పని మాత్రం స్పష్టం. కాశీలో అంతా సవ్యంగానే ఉంది, మెట్లు మెట్లలానే ఉన్నాయి, జనం స్నానాలు చేసుకుంటున్నారు అని చెబుతుంది.

సవ్యంగా ఉందా? చైత్ సింగ్ స్థానంలో ఇంకొకర్ని కూర్చోబెట్టి కప్పం 22.5 లక్షల నుంచి 40 లక్షలకి పెంచారు. 1783-84లో ఉత్తరాదిన చాలీసా కరువు వచ్చింది. 1784లో బక్సర్ దాటి కాశీ సంస్థానం మీదుగా ప్రయాణం చేసిన హేస్టింగ్స్, దారిపొడుగునా ఊళ్ళు పాడుబడి ఉన్నాయని కౌన్సిలుకి తనే ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్నే తర్వాత ఆయన మీద సాక్ష్యంగా వాడుకున్నారు. చూశారా విచిత్రం? కొల్లగొట్టిన దొర ఉత్తరంలో కనబడే నిజం కూడా ఆ దొర చిత్రకారుడి బొమ్మలో కనబడదు.

ఇక అభ్యంతరాలకొద్దాం. చిత్రకారుడు పత్రికా విలేకరి కాదు కదా, కొలతలూ వెలుగునీడలూ అందం చూసుకుంటాడు గానీ కప్పం లెక్కలు చూసుకుంటాడా? ఇది నిజంగా మంచి అభ్యంతరం. ఆ కాలంలో 'పిక్చరెస్క్' అని ఒక పిచ్చి పట్టుకుంది ఇంగ్లండుని. ముందు కాస్త చీకటి, మధ్యలో నీళ్ళు, దూరంగా మెత్తటి వెలుగు, ఓ పక్క శిథిలమో చెట్టో. విలియం గిల్పిన్ అనే పాదిరీ 1782లో వై నది మీద పుస్తకం రాసి, నదిని ఎలా చూడాలో జనానికి నేర్పాడు. ఆయన ఎంత దూరం పోయాడంటే, టింటర్న్ మఠం శిథిలాల గోడలు మరీ తిన్నగా ఉన్నాయనీ, ఎవరైనా సుత్తి పుచ్చుకుని ఒడుపుగా నాలుగు దెబ్బలేస్తే బాగుంటుందనీ రాశాడు! (మనం 'సుత్తి' అనే మాటకి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.) కాబట్టి హాడ్జెస్ పాటించింది ఆ కాలపు పద్ధతి అంటారు. ఒప్పుకుంటాను. కానీ నేనడిగేదీ అదే. లోకాన్ని ఎలా చూస్తే అందంగా ఉంటుందో చెప్పే పద్ధతి, ఏది చూడక్కర్లేదో కూడా చెప్పేస్తుంది. ఆ రెండోది ఎవరికి లాభం అని అడిగితే "పాలిటిక్స్" అంటే ఎలా?

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. హాడ్జెస్ అబద్ధాలకోరు కాదు. ఆ మెట్లు నిజం, ఆ కట్టడాలు నిజం. మన దేశపు గుళ్ళనీ మసీదులనీ చూసి ముక్కు విరవకుండా శ్రద్ధగా గీసిన తెల్లవాళ్ళలో ఆయన మొదటివరసలో ఉంటాడు. బొమ్మ బాగుంది కూడా. నేనూ ఆ గదిలో కూర్చుని చూస్తూనే ఉంటాను.

కానీ "బొమ్మని బొమ్మలా చూడు" అనేవాళ్ళకి నా అసలు జవాబు నేను చెప్పక్కర్లేదు, హాడ్జెస్ జీవితమే చెప్పేసింది. ఇది చాలామందికి తెలియని భాగం.

1793లో ఫ్రాన్సుతో ఇంగ్లండుకి యుద్ధం మొదలైంది. 1794 చివర్లో హాడ్జెస్ లండన్లోని ఓల్డ్ బాండ్ స్ట్రీట్లో తన బొమ్మలతో సొంతంగా ఒక ప్రదర్శన పెట్టాడు. అందులో ముఖ్యమైనవి రెండు పెద్ద బొమ్మలు, ఒకటి శాంతి ఫలితాలు, రెండోది యుద్ధ ఫలితాలు. మొదటిదాంట్లో నిండుగా నీళ్ళు, వంతెన, రేవులో ఓడలు, ఒడ్డున కుటీరం, పని చేసుకుంటున్న జనం. అంటే మన 'క్వైట్ రూమ్'కి అచ్చంగా సరిపోయే సరుకు. రెండోదాంట్లో అదే చోటు. ఊరు తగలబడుతోంది, వంతెన కూలింది, కుటీరం నేలమట్టమైంది. ఇరవై ఏళ్ళుగా ప్రశాంతమైన నీళ్ళు వేసి పేరు తెచ్చుకున్నవాడు మొట్టమొదటిసారి, ఆ నీళ్ళ పక్కనే, వాటికి ఏమవుతుందో కూడా వేశాడు. ప్రకృతి చిత్రానికి ఒక నీతి చెప్పే బలం ఉండాలన్నది ఆయన ఉద్దేశం.

1795 జనవరిలో ఆ ప్రదర్శనకి డ్యూక్ ఆఫ్ యార్క్ వచ్చాడు. ఎవరీయన? రాజుగారి రెండో కొడుకు. ఫ్లాండర్స్‌లో ఇంగ్లీషు సైన్యాన్ని నడిపి, పని కాక, అప్పుడే వెనక్కి పిలిపించబడ్డవాడు. బొమ్మలు చూసి ఆయన అన్నది 1808లో అచ్చయిన ఎడ్వర్డ్ ఎడ్వర్డ్స్ పుస్తకంలో ఉంది. సారాంశం ఇది: చిత్రకారుడెవడూ ఇలాంటి పని పెట్టుకోకూడదు, కిందితరగతి జనం బుర్రల్లో ప్రజాశాంతికి తగని ఆలోచనలు పుడతాయి, యుద్ధం చెడ్డదేనని అందరికీ తెలుసు, మళ్ళీ బొమ్మ వేసి చూపించక్కర్లేదు. అంతే. ప్రదర్శన మూతపడింది. బొమ్మలు వేలంలో చవగ్గా పోయాయి. హాడ్జెస్ కుంచె వదిలేసి, డార్ట్‌మత్ అనే ఊళ్ళో ఒక బ్యాంకులో భాగస్వామిగా చేరాడు. 1797 సంక్షోభంలో ఆ బ్యాంకు మునిగింది. అదే ఏడు మార్చి 6న ఆయన పోయాడు.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. కాశీలో కళ్ళముందు జరిగిన యుద్ధాన్ని వదిలేసి నది వేసినప్పుడు అకాడమీ సభ్యత్వం వచ్చింది. "కళలోకి రాజకీయాలు తెచ్చావు" అని ఎవరూ అనలేదు. ఎక్కడా పేరు పెట్టని ఒక నదికి యుద్ధం వస్తే ఏమవుతుందో వేసినప్పుడు మాత్రం "ప్రజాశాంతి" గుర్తొచ్చింది. మరి వాళ్ళ అభ్యంతరం కళలో రాజకీయం ఉండటం మీదా? కానే కాదు. ఆ రాజకీయం ఎవరి పక్కనుందన్నదాని మీద. డ్యూక్‌గారు కూడా 'బొమ్మని బొమ్మలా చూడు' అనే చెప్పాడు. కాకపోతే ఆయన చేతిలో అధికారం ఉంది కనక తలుపులు మూసుకున్నాయి.

ఇదంతా రాసి లండన్ పెద్దమనుషుల్ని తిట్టుకుని పడుకోవచ్చు. కానీ నా సంగతి కూడా చెప్పకపోతే న్యాయం కాదు. పోయినేడు మా ప్రాజెక్టులో ఇద్దరు కాంట్రాక్టు టెస్టర్లని శుక్రవారం సాయంత్రం పంపించేశారు. వాళ్ళ పని మిగతా నలుగురి మీదా పడింది. అందులో ఒకమ్మాయి చంటిపిల్లని పక్కన పడుకోబెట్టుకుని రాత్రి రెండింటిదాకా లాగిన్ అయి ఉండేది. సోమవారం క్లయింటుకి స్టేటస్ రిపోర్టు తయారుచేసింది నేను. అన్ని గడులూ పచ్చ. ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. డెలివరీ పచ్చ, క్వాలిటీ పచ్చ, బడ్జెట్ అయితే మరీ పచ్చ. ఇద్దరి జీతం మిగిలింది కదా! ఆ స్లైడు చూస్తే గోదారి ఒడ్డున సాయంత్రం కూర్చున్నట్టుంటుంది. నేను చేసిందల్లా ఫ్రేము ఎక్కడ కత్తిరించాలో నిర్ణయించడం.

రెండు వారాల తర్వాత తట్టుకోలేక, 'టీము రాత్రిళ్ళు పనిచేస్తోంది, ఇది ఎక్కువకాలం నడవదు' అని కింద ఒక్క లైను చేర్చాను. పైనుంచి పది నిమిషాల్లో ఫోను. "మీరు చెప్పింది నిజమే. అందరికీ తెలిసిందే. కానీ అలా రాస్తే టీము మొరేల్ దెబ్బతింటుంది" అన్నారు. అప్పటికి నాకు డ్యూక్ ఆఫ్ యార్క్ ఎవరో తెలీదు. తర్వాత తెలిశాక, ఆ మాటలు ఎక్కడో విన్నట్టుందే అనిపించింది. నేను ఆ లైను తీసేశాను. కుంచె పారేయలేదు, బ్యాంకూ పెట్టలేదు. ఈఎంఐలు ఉన్నాయి. హాడ్జెస్ 1787లో చేసిందే నేనూ చేశాను, ఆయన 1794లో చేసింది చేయలేకపోయాను. అందుకే ఆయన్ని తిట్టే హక్కు నాకు లేదు. కానీ ప్రశ్న వేసే హక్కు ఉంది, నన్ను నేను వేసుకునే హక్కుతో సహా.

ఆ గదిలోంచి బొమ్మ తీసేయమని నేననను. తీసేయడం కూడా ఒకరకంగా డ్యూక్‌గారి పనే. కింద పేరూ సంవత్సరం ఉన్నచోట ఇంకొక్క వాక్యం చేర్చండి చాలు: '1781 ఆగస్టులో ఈ ఊళ్ళో జరిగిన తిరుగుబాటు నుంచి ఈ చిత్రకారుడు తప్పించుకున్నాడు.' పది పన్నెండు మాటలు. ఇవి చదివాక కూడా ఆ నది అందంగానే ఉంటుంది. ఆ మెట్ల మీదున్న మనుషులు మాత్రం బొమ్మకి అలంకారంగా కాకుండా, ఏదో ఒక రోజు బతికి బయటపడ్డవాళ్ళలా కనబడతారు. మా కుర్రాడికి ఇదంతా చెబితే కాసేపు ఊరుకుని, "అయితే ఆ టెస్టర్లిద్దరూ ఇప్పుడెక్కడున్నారన్నా?" అని అడిగాడు. నాకు తెలీదు. ఆ రాత్రి ఇద్దరికీ మెసేజి పెట్టాను. ఒకాయన జవాబిచ్చాడు, ఇంకా వెతుక్కుంటున్నాడట. మీ దగ్గర మాన్యువల్ టెస్టింగులో ఖాళీలుంటే చెప్పండి, ఆయన్ని అడిగి వివరాలు పంపుతాను.

ఆ వాక్యం సంగతి అడ్మిన్ వాళ్ళకి మెయిలు పెట్టి మూడు వారాలైంది. బ్రాండింగ్ టీముని అడిగి చెబుతామన్నారు. ఏమంటారో చూద్దాం.